నల్లగానే ఉన్న మొలతాడు

నాగావళి పాత వంతెనను ఎత్తుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు ఇది జరిగింది. ఆ పక్క ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ ఏళ్ళను అలాగే లెక్కపెడతారు. ఫలానా పిల్ల వంతెన వరదకి ముందు పుట్టింది, ఫలానావాడికి వరద వెళ్ళిన రెండో ఏడు పెళ్ళయింది అంటారు. తవిటయ్యకీ అదే లెక్క. ఆ వరదలోనే అతని ఇల్లు పోయింది. నెల తిరక్కుండా భార్య అసిరమ్మ జ్వరంతో పోయింది.

పదో రోజున ఏటి ఒడ్డున బావమరిది గవరయ్య కత్తెరతో తవిటయ్య మొలతాడు తెంపాడు. పెళ్ళాం పోయిన మగవాడికి వాళ్ళలో అది ఆచారం. తెంపిన తాడు నీళ్ళలో వేశారు. నలభై ఏళ్ళు ఊరందరికీ మొలతాళ్ళు అల్లి సంతల్లో అమ్మిన మనిషికి ఆ రోజు నుంచీ నడుము బోసిగా ఉండిపోయింది. మొదట్లో నిద్రలో చెయ్యి అటే పోయేది. తర్వాత అలవాటైంది.

ఇల్లు పోయినవాళ్ళని హైస్కూల్లో పెట్టారు. అక్కడికి డాక్టరు హైమావతి వచ్చింది. సూదిమందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. చేతిలో దర్జీ టేపు ఒకటి పట్టుకుని ఒక్కొక్కరినీ నిలబెట్టి నడుము కొలిచి రాసుకునేది. మనిషి నడుము దగ్గర ఎంత పెరిగాడో తెలిస్తే లోపల గుండె ఏం చెయ్యబోతోందో, షుగరు వస్తుందో రాదో ముందే పోల్చుకోవచ్చని ఆవిడ చెప్పేది. చెప్పడం బాగానే ఉంది, కొలవనిచ్చేదెవరు? టేపు కనపడగానే మగాళ్ళు పొట్టని వీపుకి అంటించేసేవారు.

"ఊపిరి వదలండి" అనేది డాక్టరు.

"ఒగ్గీసినాను మేడం" అనేవారు బిగబట్టిన గొంతుతో.

ఆ వరండాలోనే తవిటయ్య గోడకి చేరగిలబడి తాళ్ళు అల్లుకుంటున్నాడు. పనిలేక అల్లుతున్నాడు. తడిసి కుళ్ళిన తాడు మార్చుకోవాలని ఒకతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇందాక టేపుకి ఊపిరి బిగబట్టినవాడే. తవిటయ్య చేతులు చుట్టూ వేసి తాడు ముడివేస్తుంటే పొట్ట హాయిగా వదిలేసి పక్కవాడితో కబుర్లు చెబుతున్నాడు. డాక్టరు అది చూసింది. టేపు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సాయంత్రం తవిటయ్య పక్కన వచ్చి కూర్చుని, "తాతా, మాతో పని చేస్తారా?" అంది.

ఆరు నెలలకి ఊరవతల మెరక మీద ఓ కేంద్రం లేచింది. దానికి గొప్ప పేరేదో పెట్టారు. జనం మాత్రం తాళ్ళ కంపెనీ అన్నారు.

అక్కడ చేసింది మామూలు మొలతాడే. కాకపోతే అందులో గుర్రపు వెంట్రుకంత తీగ ఒకటి కలిపి అల్లాలి. ఒంటి వేడే దానికి తిండి. మనిషి ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా అది సాగి, ముడుచుకుని, నడుము ఎంతుందో గుర్తుపెట్టుకుంటుంది. తాడు కట్టిన రోజున మనిషి పొడుగు దానికి చెబుతారు. ఆ పొడుగులో సగానికి లోపల నడుము ఉన్నంతకాలం తాడు నల్లగానే ఉంటుంది. సగం దాటి అక్కడే నిలిచిపోతే నెల రోజుల్లో ఇటుక రంగుకి తిరుగుతుంది. రేషను డిపో గుమ్మానికి ఓ పెట్టె బిగించారు. మనిషి బియ్యానికి వచ్చి వెళితే చాలు, అతని తాడు కబురు కంపెనీలో డాక్టరు బల్ల మీద ఉంటుంది.

మిషను మీద అల్లితే ఆ తీగ తెగిపోయేది. తవిటయ్య వేళ్ళలో తెగలేదు. ఎందుకు తెగలేదో ఇంజనీర్లు రెండు రోజులు కూర్చుని చూశారు, అర్థం కాలేదు. చివరికి పది మంది ఆడవాళ్ళకి ఆ పని నేర్పమని అతనికే అప్పజెప్పారు. నేర్పడం అంటే అతను అల్లేవాడు, వాళ్ళు చూసేవారు. ఎవరైనా తప్పు చేస్తే వేలితో చూపించేవాడు. అంతే.

మొదటి తాడు తయారైన రోజున హైమావతి దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వచ్చింది.

"మొదటిది మీరే కట్టుకోవాలి తాతా."

"నాకొద్దు మేడం."

ఆవిడ మొహం చిన్నబోయింది. ఎందుకని ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. ఆ తాడు ఓ కాలేజీ కుర్రవాడికి కట్టారు. తర్వాత నలభై మంది కాలేజీ కుర్రాళ్ళకి. నర్సు ఒకామె బొడ్డు దగ్గర కొలిచి, పెన్నుతో గీత గీసి, సరిగ్గా గీత మీద కట్టింది. మూడు నెలలు చూశారు. టేపు కొలతకీ తాడు లెక్కకీ వెంట్రుకవాసి తేడా రాలేదు. హైదరాబాదు నుంచి పెద్దలొచ్చి చప్పట్లు కొట్టారు.

తవిటయ్య కంపెనీ వెనక రేకుల గదిలో ఉండేవాడు. సాయంత్రం ఆడవాళ్ళు వెళ్ళిపోయాక అంత పెద్ద ఆవరణలో అతనూ, పంపు కింద నీళ్ళ చప్పుడూ మిగిలేవి. కుండలో రెండు గుప్పెళ్ళ బియ్యం వేసుకునేవాడు. ఒక్కోసారి పొద్దున్నుంచి తన గొంతు తను వినలేదని గుర్తొచ్చి దగ్గి చూసుకునేవాడు.

ఆదివారం మాత్రం గవరయ్య వచ్చేవాడు. అసిరమ్మకి తమ్ముడు, బ్యాండు మేళంలో పెద్ద బాకా ఊదేవాడు. ఆ చుట్టుపక్కల జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ ఊదాడు గాని తను పెళ్ళి చేసుకోలేదు. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. ఎర్ర కోటు, ఇత్తడి బొత్తాలు, ఆ బొత్తాల కింద బోర్లించిన డేగిసాలాంటి పొట్ట. సంచిలో చేపలో, కోడిమాంసమో తెచ్చేవాడు. తనే వండేవాడు, తనే మాట్లాడేవాడు. తవిటయ్య ఉల్లిపాయలు తరిగేవాడు.

"ఏటి బావా, వారమంతా ఎన్ని మాటలాడినావు?"

తవిటయ్య ఆలోచించాడు. "ఓ పది."

"అబ్బో! గొంతెండిపోనేదా?" అని పొట్ట ఊగేలా నవ్వేవాడు గవరయ్య. ఆ నవ్వుకి రేకుల గది కాస్త ఇల్లులా అనిపించేది. అక్క పోలికలు వాడి నవ్వులో ఉండేవి. తవిటయ్య ఆ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

వరద తర్వాత మూడో ఏడు ఎండాకాలంలో నాలుగు మండలాల మగాళ్ళకి తాళ్ళు పంచారు. నర్సులు బొడ్డు దగ్గరే కట్టి పంపించారు. మనవాళ్ళేం చేశారు? గుమ్మం దాటగానే ఎప్పుడూ ఉండే చోటికి జార్చుకున్నారు. మొలతాడు ఉండేది మొలకి. పొట్ట పెరిగినవాడు దాన్ని పొట్ట కిందికి దించుకుంటాడు, అంతేగాని కొత్త తాడు కొలత పెంచి అడగడు. పొట్ట ముందుకి ఎంత వచ్చినా కింద తుంటి దగ్గర చుట్టుకొలత పెద్దగా మారదు. నలభై ఏళ్ళు సంతలో కూర్చున్న తవిటయ్యకి ఇది తెలియనిది కాదు. పాతికేళ్ళప్పుడు ఏ కొలత తాడు కొన్నాడో అరవయ్యో ఏట కూడా అదే కొలత కొన్న షావుకార్లని ఎంతమందినో చూశాడు.

తాళ్ళు జార్చుకుంటున్నారని అతను పంపిణీ రోజునే చూశాడు. చూసి, ఇంత చదువుకున్నవాళ్ళకి తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు. ఆ తీగకి ఎక్కడున్నా లెక్క తెలిసే ఉపాయం ఏదో పెట్టే ఉంటారు అనుకున్నాడు. మూడో తరగతితో బడి మానేసిన తనెక్కడ, డాక్టరమ్మెక్కడ!

రెండు నెలలకి అందరినీ హాల్లో కూర్చోబెట్టి మీటింగు పెట్టారు. హైమావతి మొహం వెలిగిపోతోంది. నాలుగు వేల పైచిలుకు మగాళ్ళలో తాడు రంగు తిరిగింది నూట ఆరుగురికే. ఈ జిల్లా మగాళ్ళంత ఆరోగ్యవంతులు ఎక్కడా లేరట. అందుకని నెలనెలా ఊళ్ళోకి వచ్చి రక్తం చూసే మందుల వ్యాను ఇక ఈ వైపు రానక్కర్లేదని, వేరే చోటికి పంపిస్తున్నారని చెప్పారు. తాడు ఎర్రబడితే చాలు, కబురందుతుంది కదా.

"ఈ తాడు పుట్టింది ఈయన చేతుల్లో" అని డాక్టరు అందరి ముందూ తవిటయ్యని లేపి నిలబెట్టింది. "తాతా, మీరేమైనా చెబుతారా?"

హాలంతా అతన్ని చూసింది. వ్యాను మాట విన్నప్పటి నుంచి తవిటయ్య కళ్ళ ముందు ఆ జార్చుకున్న తాళ్ళే ఆడుతున్నాయి. నోరు తెరిచాడు. ఎదురుగా అన్ని కళ్ళజోళ్ళు, అన్ని తెల్లకోట్లు.

"ఏటీ నేదు మేడం" అని కూర్చున్నాడు.

చప్పట్లు కొట్టారు.

ఆ వర్షాకాలంలో గవరయ్య నీళ్ళు ఎక్కువ తాగడం మొదలుపెట్టాడు. వచ్చీ రాగానే చెంబుడు, వంట మధ్యలో చెంబుడు. తిన్న వెంటనే కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురకపెట్టేవాడు. లేచి పెరట్లోకి, మళ్ళీ పెరట్లోకి.

"రక్తం సూపించుకోరాదేటి?" అన్నాడు తవిటయ్య ఓ ఆదివారం.

గవరయ్య చేపముక్క నోట్లో పెట్టుకోబోతున్నవాడు ఆగిపోయాడు. "ఓరి నాయనో! బావ తనంతట తాను మాటాడినాడు! ఈయేల వాన దంచేస్తాది." చెయ్యి కడుక్కుని లేచి, చొక్కా ఎత్తి, పొట్టని రెండు చేతులతో పైకి ఎత్తిపట్టాడు. కింద మడతలో తాడు కనిపించింది. నిగనిగలాడుతూ నల్లగా ఉంది. "ఇదుగో, నువ్వు అల్లిందే. కాటుకలాగ ఉంది. డాక్టరమ్మ మిషనే నన్ను మెచ్చుకుంతంటే నీకేటి దిగులు? నా ప్యాంటు ఇప్పటికీ ముప్పై నాలుగే, తెలుసా? ఇరవై ఏళ్ళ కిందటి ప్యాంటు ఎక్కిస్తన్నాను. ఆ మేళంలో ఇంకొకడిని సూపించు సూద్దాం!"

"అది పొట్ట కింద ఉందిరా."

"మరి నెత్తి మీద కట్టుకోమంతావేటి?"

గవరయ్య నవ్వాడు. ఆ నవ్వులో ఊపిరి అందక మధ్యలో దగ్గొచ్చింది. ఇంకో మాట అనాలి. కంపెనీ తాడు తప్పు చెబుతోంది, నమ్మకు అనాలి. తవిటయ్యకి ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ అది నిజమేనా? నిజమైతే అంతమంది చదువుకున్నవాళ్ళు ఊరుకుంటారా? ఉల్లిపాయ తొక్కలు పోగుచేసి బయట పారేయడానికి లేచి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గవరయ్య గోడకి తల ఆనించి నిద్రపోతున్నాడు.

శ్రావణమాసంలో ఓ పెళ్ళి ఊరేగింపు. పట్టపగలు, ఎండ చుర్రుమంటోంది. బజారు మలుపు తిరిగేటప్పుడు మేళంలో పెద్ద బాకా ఆగిపోయింది. ముందు నడిచేవాళ్ళు కాసేపు గమనించలేదు, డోళ్ళు మోగుతూనే ఉన్నాయి. గవరయ్య బాకాని జాగ్రత్తగా నేలమీద ఆనించి, దాని పక్కనే కూర్చుని, తర్వాత ఒరిగిపోయాడట. ఆసుపత్రికి చేర్చేసరికి ఏం మిగల్లేదు. షుగరు ఎప్పటి నుంచో ఉంది, గుండె చుట్టూ కొవ్వు పేరుకుపోయింది, ఎవరూ చూపించలేదా అని అక్కడి డాక్టరు అడిగాడు.

తవిటయ్యకి కంపెనీకి ఫోను వస్తే తెలిసింది. అల్లుతున్న తాడు పూర్తిచేసి, ముడి వేసి, పక్కన పెట్టి లేచాడు.

ఏటి ఒడ్డుకి మేళంవాళ్ళు ఎనిమిది మంది వచ్చారు. కట్టెల మీద పెట్టేముందు మొలతాడు తెంపాలి. దగ్గరివాళ్ళు తెంపాలి. గవరయ్యకి దగ్గరివాడు తవిటయ్య ఒక్కడే. కత్తెర ఇచ్చారు. తెంపాడు. తెంపిన తాడు నీళ్ళలో వేయకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వంగి, దాన్ని గవరయ్య బొడ్డు మీదుగా చుట్టూ తిప్పాడు. రెండు కొసలూ కలవలేదు. మధ్యలో చెయ్యి పరిచి పెట్టాడు. జానెడు.

"ఏటి సేస్తన్నావు తవిటన్నా?" అని డోలు వాయించేవాడు అడిగాడు.

తవిటయ్య తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అది ఇంకా నల్లగానే ఉంది.

పదో రోజు కర్మ అయ్యాక తిన్నగా కంపెనీకి వెళ్ళి డాక్టరు గది తలుపు తోశాడు. అంతకుముందు ఎప్పుడూ పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళలేదు. తాడు తీసి బల్ల మీద పెట్టాడు.

హైమావతి తాడు అంచున ఉన్న అంకె చూసి కంప్యూటరులో వెతికింది. "ఈయన పోయారా? ఎలా? పొడుగు నూట డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు, నడుము ఎనభై ఏడు. సగానికి లోపలే ఉన్నారు. ఆఖరి రోజు దాకా బాగున్నారు తాతా."

"బొడ్డు కాడ సుడితే సాల్నేదు మేడం. జానెడు తక్కువొచ్చింది."

"అదేమిటి? బొడ్డు దగ్గరే కదా కట్టాం?"

"మీరు కట్టినారు. ఆల్లు దించుకున్నారు. మొలతాడు పొట్ట కిందే ఉంతాది."

డాక్టరు కుర్చీలోంచి లేచింది. తలుపు దగ్గరికి వెళ్ళి వాచ్‌మన్‌నీ, డ్రైవరునీ, గుమాస్తానీ పిలిచింది. చొక్కాలు ఎత్తమంది. వాళ్ళు సిగ్గుపడుతూ ఎత్తారు. ముగ్గురికీ తాడు పొట్ట కిందే ఉంది. ముగ్గురివీ నలుపే. డ్రైవరు పొట్ట అతని ముందు గుమ్మం దాటేంత ఉంది.

వాళ్ళని పంపేసి ఆవిడ కుర్చీలో కూలబడింది.

"ఎవరెవరికి తెలుసు ఇది?"

"అందరికీ తెలుసు మేడం. ఏ మగోడినైనా అడగండి. మీరు అడగనేదు. నాను సెప్పనేదు."

"నేను అడిగాను. మీటింగులో, అందరి ముందూ మిమ్మల్ని అడిగాను."

"అడిగినారు" అన్నాడు తవిటయ్య. తల వంచలేదు. ఆవిడ కళ్ళలోకి చూస్తూనే అన్నాడు. "సదువుకున్నోల్లు, మీకు తెలిసే ఉంతాది అనుకున్నాను. నాకు తెలుసు, మీకు తెల్దు అని నాకు తెల్దు."

ఆవిడ ఫోను ఎత్తింది. గంటసేపు ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడింది. అవతలివాళ్ళు ఏమంటున్నారో తవిటయ్యకి వినపడలేదు గాని, ఆవిడ గొంతు ఒక్కో ఫోనుకీ ఒక్కో మెట్టు కిందికి దిగడం వినపడింది. ఆఖరికి ఫోను పెట్టేసి చెప్పింది. "కాగితం మీద పంపమంటున్నారు. కమిటీ కూర్చోవాలట. మళ్ళీ కొలిపించాలట. మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా జనాన్ని కంగారు పెట్టొద్దంటున్నారు."

"వ్యాను?"

"అప్పటిదాకా రాదు."

తవిటయ్య లెక్కల మనిషి కాదు. అయినా నాలుగు వేల చిల్లర తాళ్ళలో ఎన్ని తన వేళ్ళ మీదుగా పోయాయో అతనికి తెలుసు.

"టేపు నేకండా, మిషను నేకండా, ఎలగ తెలుస్తాది మేడం?"

డాక్టరు అలసటగా లేచి, తన చున్నీ పక్కకి జరిపి, తన మీదే చూపించింది. కింది పక్కటెముక ఇక్కడ, తుంటి ఎముక ఇక్కడ, ఈ రెండిటికీ మధ్యన, సుమారు బొడ్డు ఎత్తులో. పొట్ట లాక్కోకూడదు, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. అక్కడి చుట్టుకొలత మనిషి పొడుగులో సగానికి మించకూడదు. మించితే రోగం ఉందని కాదు, ఓసారి రక్తం, బీపీ చూపించుకోమని.

తవిటయ్య సంచిలోంచి తీగలేని ఉత్త నూలు దారం ఉండ తీశాడు. వాచ్‌మన్‌ని మళ్ళీ పిలిచాడు. మడమ దగ్గర కొస పెట్టి, తొక్కి పట్టమని, నడినెత్తి దాకా లాగి కోశాడు. ఆ దారాన్ని సగానికి మడిచాడు. మడిచినదాన్ని బొడ్డు ఎత్తులో నడుము చుట్టూ తిప్పాడు. కొసలు కలవలేదు. నాలుగు వేళ్ళ సందు.

"ఇంతేనా మేడం?"

"ఇంతే" అంది ఆవిడ, ఆ సందుని చూస్తూ.

"మరి తీగెందుకు అల్లినాం?"

హైమావతి రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తవిటయ్యకి తెలియలేదు. ఓ మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ముందు పెట్టి గదిలోంచి వచ్చేశాడు.

మర్నాడు ఆదివారం. తెల్లారేసరికి తవిటయ్య నల్లదారం ఉండలు ఆరు గోనెసంచిలో వేసుకుని మొదటి బస్సెక్కాడు. వరదకి ముందు కూర్చునే సంతకే వెళ్ళాడు. తను కూర్చునే చోట ఇప్పుడెవరో ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతున్నారు. పక్కన కాస్త జాగా చూసుకుని గోనె పరిచాడు. పశువుల్ని తోలుకొచ్చిన ఓ రైతు ఆగి, "మొలతాళ్ళేనా తాతా? నాకు కంపెనీది ఉంది గదా" అన్నాడు.

"సెప్పులిప్పి నిలబడు."

ఆ గొంతుకి ఏమనుకున్నాడో, రైతు విప్పి నిలబడ్డాడు. తవిటయ్య మోకాళ్ళు పట్టుకుని వంగి, దారం కొస అతని మడమ కింద పెట్టి, నెత్తి దాకా లాగి కోశాడు. సగానికి మడిచి చొక్కా ఎత్తమన్నాడు. చుట్టూ తిప్పాడు. మూడు వేళ్ళ సందు.

"ఇది పొట్టిది తాతా, ఇంకోటియ్యి" అన్నాడు రైతు.

"తాడు సరిగ్గానే ఉంది. నీ పొడుగుకి కోసిందే ఇది. కూకో, సెప్తాను."

రైతు కూర్చున్నాడు. తవిటయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ముందు మాటలు తడబడ్డాయి. గవరయ్య పేరు దగ్గర ఆగిపోయాడు. గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. ప్యాంటు కొలత నమ్మొద్దన్నాడు, కంపెనీ తాడు నమ్మొద్దన్నాడు, అది అల్లింది తనేనన్నాడు. పెద్దాసుపత్రికి బస్సు ఎన్ని గంటలకో, దిగాక ఏ కిటికీ దగ్గర చీటీ రాయించుకోవాలో చెప్పాడు. వినడానికి ఇంకో ఇద్దరు ఆగారు. బకెట్ల అతను కూడా ఇటు తిరిగాడు.

తవిటయ్య సంచిలోంచి రెండో ఉండ తీసి, అతనికేసి చూసి, "నువ్వు రా" అన్నాడు.